ఆవు కళ్ళ గర్భసంచి

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే కాఫీ తాగిందట, పేపర్లో ఏదో తప్పు రాశారని విసుక్కుందట, అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయిందట. చుట్టాలంతా అదృష్టవంతురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది అంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు ఇంకో మాట వచ్చింది, అదెంత సిగ్గుమాలిన మాటో మీరే చూడండి. అయ్యో, ఇప్పుడు మావాడికి ఎవరు చెప్తారు?

మావాడంటే మా అబ్బాయి. ఎనిమిదో తరగతి. గొంతు ఒక మాటకి వాళ్ళ తాతలా, ఇంకో మాటకి పిల్లికూనలా పలుకుతోంది. బెజవాడలో రోళ్ళు పగిలే ఎండలో వాడు మందపాటి జాకెట్ వేసుకుని, మెడ దాకా జిప్పు లాక్కుని తిరుగుతున్నాడు. అడిగితే ఫ్యాషన్ అంటాడు. నిద్రపోయేటప్పుడు కూడా ఫ్యాషనేనా? ఆ జాకెట్ కింద వాడు ఏం దాచుకుంటున్నాడో నేను ఊహించగలను. ఊహించగలను గానీ నోరు పెగలదు. సెలవులకి భవానీపురంలో అత్తయ్య దగ్గర నాలుగు రోజులు వదిలితే ఆవిడే చెప్పేస్తుందిలే అని వాయిదా వేసుకుంటూ వచ్చాను. మా ఇంట్లో మగవాళ్ళందరం ఈ విషయంలో ఆవిడ మీద ఆధారపడి బతికినవాళ్ళమే.

అత్తయ్య ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో బయాలజీ టీచరు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి చాలామంది మాస్టార్లకి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంటుంది. ఇది ఇంటి దగ్గర చదువుకోండి అని పేజీలు తిప్పేస్తారు. ఇంటి దగ్గర ఎవరు చెప్తారని వాళ్ళ ధైర్యమో నాకు ఇప్పటికీ తెలీదు. అత్తయ్య మాత్రం ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, తలుపులు బార్లా తెరిచిపెట్టి, వాచీ విప్పి బల్ల మీద పెట్టేది. “ముందు నవ్వేసుకోండర్రా. తర్వాత చెప్తా” అనేది. నవ్వమని చెప్తే ఎవరికి నవ్వొస్తుంది? వెనక బెంచీలో కాసేపు కిసుక్కుమనేవారు, ఆవిడ వాచీ వైపు చూస్తూ కూర్చునేది, చివరికి వాళ్ళకే విసుగొచ్చి ఊరుకునేవారు. అప్పుడు మొదలుపెట్టేది. గుండె, ఊపిరితిత్తులు అన్న గొంతుతోనే మిగతా వాటి పేర్లు కూడా చెప్పేది.

ఆ పేర్లు అంత గట్టిగా ఎందుకండీ, పక్క క్లాసుకి వినిపిస్తున్నాయట అని ఒకసారి ఒక తండ్రి వచ్చి నసిగాడట. అత్తయ్య ఆయనకి కుర్చీ వేయించి అడిగిందట, “పేరే చెప్పుకోలేని చోట నొప్పొస్తే మీవాడు డాక్టరుగారికి ఏమని చెప్తాడండీ?” అని. ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట.

ఇక ఆ ఆవు సంగతి చెప్పకుండా అత్తయ్య గురించి చెప్పినట్టు కాదు.

ఆ స్కూల్లో ఒక అస్థిపంజరం ఉండేది, దానికి ఒక చెయ్యి లేదు. గర్భసంచి నమూనా అసలే లేదు. పిల్లలకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని అత్తయ్య కొండపల్లి వెళ్ళింది. అంబారీ ఏనుగులూ దశావతారాలూ చేసే ఒక పెద్దాయనకి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. మధ్యలో సంచి, పైన రెండు పక్కలకీ వంపు తిరిగిన నాళాలు, వాటి చివర అండాశయాలు. ఇది గర్భసంచి అండీ అని విడమరిచి చెప్పింది కూడా. ఆ మాట చెవిన పడగానే ఆయన తల పక్కకి తిప్పేసుకుని, సరేనమ్మా సరేనమ్మా అంటూ కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. చెక్కడం ఆయన చెక్కాడు. రంగులు వేసేది కొడుకు. ఇది ఫలానా అని కొడుకుతో ఆయన ఎలా చెప్తాడు? చెప్పలేదు. కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం ఉంది, రెండు కొమ్ములు ఉన్నాయి, కళ్ళే లేవు. పాపం ఆవు బొమ్మకి కళ్ళు పెట్టడం నాన్న మర్చిపోయాడనుకున్నాడు.

అత్తయ్య వెళ్ళేసరికి గర్భసంచి ఎర్రగా, పచ్చటి అంచుతో, చారెడేసి కాటుక కళ్ళతో, నుదుట బొట్టుతో ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఒక్కతే నవ్వుకుంటూ వచ్చిందట. కళ్ళు చెరిపించమని అందరూ చెప్పినా ఒప్పుకోలేదు. “ఉండనివ్వండి. పిల్లలు దీని కళ్ళలోకి చూసి మాట్లాడటం నేర్చుకుంటారు” అంది. దసరాకి స్కూల్లో ఆయుధపూజ చేసినప్పుడు అటెండరు దానికి కూడా పసుపూ కుంకుమా పెట్టి పూలు పెట్టాడు, హెడ్మాస్టరుగారు భక్తిగా దణ్ణం పెట్టుకున్నారు. అత్తయ్య అడ్డుచెప్పలేదు. మనందరం అక్కణ్ణించి వచ్చినవాళ్ళమే కదా, దణ్ణం పెడితే తప్పేముందని ఆవిడ వాదన.

నేను ఆ స్కూల్లో చదవలేదు. నాకు జరిగిన పాఠం వేరు.

పదమూడో ఏట నా ఛాతీ మీద, చొక్కా జేబు కింద, చిన్న గడ్డ చేతికి తగిలింది. బట్ట రాసుకున్నా నొప్పి. అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. క్యాన్సరు. ఎవరితోనూ చెప్పలేదు. చచ్చిపోయేవాడికి బ్యాటు ఎందుకని నా క్రికెట్ బ్యాటు పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాను. అమ్మ మీద అరవడం మానేశాను. పెట్టింది తిన్నాను. పాపం అమ్మ పొంగిపోయి, వీడికి బుద్ధొచ్చింది, పెద్దవాడయ్యాడు, పంచెల ఫంక్షన్ చేసేద్దామంది.

మా కృష్ణా జిల్లాలో ఆడపిల్లకి ఓణీలు ఇచ్చినట్టే మగపిల్లాడికి పంచె కట్టబెట్టి వేడుక చేస్తారు. షామియానా, భోజనాలు, వీడియో, అన్నీ ఉంటాయి. దానికి ముందు చొక్కా విప్పించి, పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా నలుగు పెట్టి స్నానం చేయిస్తారు. నలుగు పెట్టడంలో మొదటి చెయ్యి మేనత్తది.

నేను చొక్కా విప్పనన్నాను. అమ్మ బతిమాలింది. వీడియో అతను లైటు పట్టుకుని, త్వరగా విప్పు బాబూ, కరెంటు పోతే మళ్ళీ రాదు అన్నాడు. నాన్న చూశాడు. మా నాన్న ఫ్యాక్టరీలో చెరకు తూకం దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పని మనిషి, చూపుతోనే సంసారం నడిపాడు. విప్పాను. అత్తయ్య నలుగు తీసుకుని భుజాలకి రాసింది. చెయ్యి ఛాతీ మీదకి రాగానే అబ్బా అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వంగి నా చెవి దగ్గర, “ఎన్నాళ్ళయిందిరా?” అంది.

“నేను చచ్చిపోతానా అత్తయ్యా?” అన్నాను, అంతమంది ముందూ భోరుమన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు ఎక్కువా తక్కువా అవుతుంటాయనీ, అందుకే చాలామంది మగపిల్లలకి అక్కడ ఇలా గడ్డ కడుతుందనీ, కొన్నాళ్ళకి దానంతటదే పోతుందనీ చెప్పింది. అయినా రేపు డాక్టరుకి చూపిద్దాం, నీ బెంగ తీరుతుంది అంది. నేను నమ్మలేదు. చచ్చిపోయేవాళ్ళకి అందరూ ఇలాగే చెప్తారని నాకు తెలుసు. నమ్మలేదని ఆవిడకి అర్థమైపోయింది. పసుపు చేతులతో లేచి నిలబడి, మగవాళ్ళ వైపు తిరిగింది.

“వీడు చచ్చిపోతున్నాననుకుంటున్నాడు. చిన్నప్పుడు మీలో ఎవరికి ఇలా వచ్చిందో వీడికి చెప్పండి.”

ఒకాయన పైకి చూశాడు. ఇంకొకాయన సాంబారు మరిగిందో లేదో కనుక్కోవడానికి వెళ్ళిపోయాడు. వీడియో అతను లైటు ఆర్పేసి వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. నా ప్రాణం ఆ మగవాళ్ళ నోళ్ళలో ఉంది, ఒక్కరూ నోరు తెరవలేదు.

అప్పుడు మా నాన్న, నేల వైపు చూస్తూ, “నాకొచ్చిందక్కయ్యా” అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

“రెండు పక్కలా” అన్నాడు.

అత్తయ్య తమ్ముణ్ణి అలాగే చూసింది. “అందుకేనట్రా కాలువలోకి బనియనుతో దిగేవాడివి? నాకొక్క మాట చెప్పొచ్చుగా.”

“నువ్వప్పుడింకా టీచరువి కాదుగా” అన్నాడు నాన్న.

ముందు నవ్వింది మా అమ్మ. తర్వాత మా బాబాయి తనకీ వచ్చిందని ఒప్పుకున్నాడు. సాంబారు దగ్గరికి వెళ్ళినాయన వెనక్కి వచ్చి తనకీ వచ్చిందన్నాడు. ఆఖరికి వీడియో అతను వైరు చుట్టడం ఆపి, నాక్కూడా వచ్చిందండీ, పెళ్ళి అవదేమో అనుకున్నానండీ అన్నాడు. నేను ఏడుస్తూనే వాళ్ళందరి ముఖాలూ చూశాను. అందరూ బతికే ఉన్నారు. ఆ రోజు నేను తిన్న బూరెల సంగతి మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. సాయంత్రం వెళ్ళి బ్యాటు వెనక్కి తెచ్చుకున్నాను. డాక్టరూ అత్తయ్య చెప్పిందే చెప్పాడు, అది కొన్నాళ్ళకి నిజంగానే పోయింది. ఆ ఫంక్షన్ క్యాసెట్లో మాత్రం ఈ భాగం లేదు. నలుగు అవుతుంటుంది, వెంటనే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటారు.

అత్తయ్యకి నేను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మా ఇళ్ళల్లో మేనత్తకి అలా చెప్తే కొడుతుంది.

మొన్న పెద్దకర్మకి భవానీపురం వెళ్ళాం. హాల్లో అత్తయ్య ఫోటోకి దండ వేశారు, దీపం పెట్టారు. దీపం పక్కన, ఎవరు పెట్టారో గాని, రిటైరయ్యాక ఆవిడ స్కూల్నించి తెచ్చుకుని షోకేసులో పెట్టుకున్న ఆ కొండపల్లి బొమ్మ. పాపం నందీశ్వరుడనుకున్నారు. కుంకుమ పెట్టారు, రెండు కొమ్ములకీ బంతిపూలు గుచ్చారు. వచ్చినవాళ్ళు ఫోటోకి ఒక దణ్ణం, బొమ్మకి ఒక దణ్ణం పెట్టుకుని భోజనానికి వెళ్తున్నారు. నవ్వు ఆపుకోలేక, ఆవిడ లేకుండా నవ్వుతున్నందుకు ఏడుపు ఆపుకోలేక, కండువా నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడే మావాడు, జాకెట్లో చెమటలు కక్కుతూ వచ్చి, సగం తాత గొంతుతో, సగం పిల్లి గొంతుతో అడిగాడు.

“నాన్నా, ఆ ఆవేంటి?”

చెప్పడానికి నోరు తెరిచాను. దగ్గొచ్చింది. ఆ మాస్టార్లకి వచ్చే దగ్గే. ఎంతకీ తగ్గలేదు.

మా నాన్న కుర్చీలోంచి లేచాడు. అత్తయ్య పోయిన దగ్గర్నించి ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బొమ్మని తీసుకున్నాడు, కొమ్ములకున్న పూలు తీసి ఫోటో దగ్గర పెట్టాడు, మనవడి జాకెట్ వైపు కాసేపు చూశాడు.

“ఇది ఆవు కాదురా. ఇలా రా, కూర్చో.”

ఇద్దరూ వెళ్ళి పక్క గదిలో, అత్తయ్య కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నారు. అదేమిటో నాన్న చెప్పగానే మావాడికి కిసుక్కుమని నవ్వొచ్చింది, చావింట్లో నవ్వకూడదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

“ఫర్వాలేదు, ముందు నవ్వేసుకో. తర్వాత చెప్తా” అన్నాడు నాన్న.

నేను లోపలికి వెళ్ళలేదు. వడ్డన చూసుకుని, వచ్చినవాళ్ళని పంపించి, మళ్ళీ అటు వెళ్ళేసరికి మావాడి జాకెట్ అత్తయ్య కుర్చీకి వేలాడుతోంది. బొమ్మ కుర్చీలో కూర్చుని చారెడేసి కళ్ళతో వాళ్ళిద్దర్నీ చూస్తోంది. మా నాన్న తన ఛాతీ మీద ముందు ఈ పక్కన, తర్వాత ఆ పక్కన వేలు పెట్టి చూపిస్తున్నాడు.