అంచు కాదు, ఒడ్డు

ఈ ఉదయం అడవికెళ్లే కోటు వేసుకోబోతే చేతికి స్ప్రూస్ చెట్టు జిగురు అంటుకుంది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ ఘాటు వాసన వదల్లేదు. మంచిదే అనుకున్నాను. మీటింగుకి శకుంతలగారు కూడా నా వెంట వస్తున్నట్టనిపించింది.

ఆవిడ నా మొదటి బాస్. బాపట్లలో పుట్టి, ఉత్తర ఒంటారియో అడవుల్లో జుట్టు నెరిసిన మనిషి. కలప కంపెనీలో ఎక్కడ నరకాలో, ఎక్కడ వదలాలో తేల్చి సంతకం పెట్టే ఫారెస్టర్. కిచెనర్ నగరంలో ఐటీ ఉద్యోగం పోయి, మ్యాపులు గీసే పనికి నేనక్కడ చేరాను. సరస్సు చుట్టూ నరకకుండా వదలాల్సిన అడవిని ఒకే వెడల్పున ఆకుపచ్చ పట్టీగా గీసి, ముచ్చటపడుతూ చూపించాను.

"చీరకి అంచు కుట్టావా అమ్మా?" అన్నారు. "అంచు ఎక్కడైనా ఒకటే వెడల్పు. ఒడ్డు అలా ఉండదు. రా, చూద్దువుగాని."

పడవలో తీసుకెళ్లారు. ఒకవైపు రాతినేల, నీటికి నాలుగడుగుల్లోనే పొడి. అక్కడ కొన్ని చెట్లు కొట్టినా మళ్లీ మొలుస్తాయన్నారు. వాగు కలిసేచోట మాత్రం నాచులో మోకాలిదాకా దిగబడ్డాను. నీళ్లు కనబడనంత లోపలికి నడిచినా తడి తగ్గలేదు. నేను గీసిన పట్టీ ఎప్పుడో వెనకబడింది. ఇక్కడ యంత్రం దిగితే బురదంతా సరస్సులోకేనని చెబుతూ, ఊడిపోయిన నా బూటును ఆవిడే పీకి ఇచ్చారు.

వాగు దగ్గర పట్టీని వెడల్పు చేసి మ్యాపు మార్చాం. మేనేజరు ఒప్పుకోలేదు. తడినేలలో కలప వదులుకోలేమని, పడవల్లో వచ్చేవాళ్లకు పచ్చగా కనిపిస్తే చాలని అన్నాడు. "పైన పటారం, లోన లొటారం" అని తెలుగులో గొణిగి, పాత మ్యాపు మీద సంతకం పెట్టనని ఇంగ్లీషులో గట్టిగా చెప్పారావిడ.

కెనడాలో స్థిరపడేందుకు నేను పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. బయటికొచ్చాక బతిమాలాను.

"పీఆర్ వస్తే ఒడ్డున పడతాను మేడమ్. అప్పటిదాకా ఊరుకుందాం."

"మనం ఒడ్డున పడ్డానికి ఆ ఒడ్డునే నరుక్కుంటామా?"

మ్యాపు మార్చమన్నది తానేనని ఆవిడ మేనేజరుకి చెప్పి, నా పేరు రానివ్వలేదు. వాగు దగ్గర నరకడం ఆగింది. ఆవిడ ఉద్యోగం పోయింది. మర్యాదగా పంపించామని కంపెనీవాళ్లు ఇప్పటికీ అంటారు. తరిమేశారనే నేనంటాను, వాళ్ల మొహం మీదే. నాకు పీఆర్ వచ్చింది. పట్టుబట్టి చదివి అదే కంపెనీలో ఫారెస్టర్నయ్యాను. పోయినేడు ఆవిడ కన్నుమూశారు.

ఈ రోజు కొత్త మేనేజరు తెర మీద అదే వాగు చూపించాడు. చుట్టూ ఒకే వెడల్పు పట్టీ. సంతకం పెట్టమన్నాడు. పెన్ను మూత పెట్టేశాను.

"ఇది అంచు కాదు, ఒడ్డు" అన్నాను, తెలుగులోనే. అర్థం కాలేదన్నాడు. జిగురు చేత్తో కారు తాళాలు తీసుకున్నాను. పాత బూట్లు వేసుకుని రమ్మన్నాను.