పీఈటీ సారు నేర్చుకున్న మూడు స్వరాలు

మొఘల్‌పురాలోని ఆ ప్రైవేటు బడికి మూడంతస్తులున్నాయి, పదకొండు గదులున్నాయి, గేటు పక్క గోడ మీద పరుగెత్తే పిల్లల రంగుల బొమ్మ కూడా ఉంది. లేనిదల్లా మైదానం. అందుకని పీఈటీ సారు బాలనర్సింహ పంతొమ్మిదేళ్లుగా ఆటలన్నీ డాబా మీద, రెండు నల్లటి నీళ్ల ట్యాంకుల మధ్య ఆడిస్తున్నాడు. బంతి జారితే పక్కనున్న గాజుల దుకాణం రేకుల మీద పడుతుంది కాబట్టి ఎక్కువగా బంతి లేని ఆటలే. ఒకప్పుడు కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడిన మనిషి. కూత పెడితే ఊపిరి తెగేది కాదని పేరు. ఇప్పుడు ఆ ఊపిరంతా విజిల్‌లోకి పోతోంది. దాని గురించి అతనికి పెద్ద దిగులేమీ లేదు. పిల్లలు కనబడితే సలాం కొడతారు, అదే గల్లీలోని ఇంటికి పోతే భార్య రూప కుట్టుమిషన్ మీంచి తలెత్తి నవ్వుతుంది. అదే పదివేలు అనుకునే రకం.

ఆ ఏడు జూన్‌లో బడి కరపత్రంలో ‘సంగీత శిక్షణ కలదు’ అన్న మాట కొత్తగా చేరింది. పక్క గల్లీ బడి వాళ్లు వేశారని ప్రిన్సిపాల్ విమలాదేవి కూడా వేయించింది. అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు ఏ సంగీతం, ఏ వాయిద్యం అని అడగడం మొదలుపెట్టేసరికి బేగంబజార్ నుంచి అరవై తెల్లటి ప్లాస్టిక్ రికార్డర్లు తెప్పించింది. నిలువుగా పట్టుకుని ఊదే పిల్లల పిల్లనగ్రోవులవి. ముందు కరపత్రం, తర్వాత వాయిద్యం వచ్చాయి. ఇక నేర్పే మనిషి మిగిలాడు.

"నర్సింహ సార్, ఆరో తరగతికి మీరే చెప్పాలి," అంది విమలాదేవి.

"నాకు సంగీతం ఓనమాలు గూడ రావు మేడమ్."

"ఇన్నేండ్ల సంది విజిల్ ఊదుతలేరా? గదీ ఊదుడే, గిదీ ఊదుడే. దీనికి జర రంధ్రాలు ఎక్కువున్నయి, అంతే."

వాదించడం బాలనర్సింహకు చేతకాదు. డబ్బాలో దొరికిన సూచనల కాగితం తీసుకుని డాబా ఎక్కాడు. ముప్పై ఆరుమంది పిల్లలు ఒక్కసారిగా ఊదారు. కింద గాజుల దుకాణంలో బేరం ఆగిపోయింది. ట్యాంకుల మీది పావురాలు లేచిపోయి ఆ రోజుకు మళ్లీ రాలేదు. ఎలా ఊదాలో చూపిద్దామని బాలనర్సింహ కబడ్డీ ఊపిరంతా బిగించి తనదొకటి ఊదాడు. అది కుక్కర్ కూతలా కీచుమని అరిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలోంచి షారోన్ అనే పిల్ల లేచి నిలబడింది. "సార్, గట్టిగ ఊదొద్దట. మా డాడీ చెప్పిండు."

"మీ డాడీకెట్ల ఎరుక?"

"చర్చిలో క్లారినెట్ వాయిస్తడు సార్."

ఆ ఆదివారం బాలనర్సింహ రికార్డర్‌ను కూరగాయల సంచిలో దాచుకుని మలక్‌పేట వెళ్లాడు. షారోన్ తండ్రి డానియేలు నీళ్ల పైపులు బాగుచేసే సర్కారీ ఉద్యోగి. అప్పుడే చర్చి నుంచి వచ్చి ఇస్త్రీ చొక్కా విప్పకుండానే కూర్చుని ఉన్నాడు. సారు సంగతి చెప్పుకుంటే విన్నాడు. నవ్వలేదు. లోపలి నుంచి వేడి చాయ్ తెప్పించి సాసర్లో పోసి ముందు పెట్టాడు.

"ఊదుండ్రి సార్."

"దేన్ని?"

"చాయ్‌ని. చల్లార్చుండ్రి. కని చుక్క బయట పడొద్దు."

బాలనర్సింహ ఊదాడు. మొదటి ఊపిరికే చాయ్ సగం ప్యాంటు మీద పడింది. నాలుగో సాసరుకు గానీ మెల్లగా, సన్నగా ఊదడం పట్టుబడలేదు. అప్పుడు డానియేలు అతని చేతికి రికార్డర్ ఇచ్చాడు. "గదే గాలి. ఎనక రంధ్రం మీద బొటనవేలు, ముందర చూపుడువేలు. ఊదుండ్రి." కీచుమనలేదు. గుండ్రటి చప్పుడు ఒకటి వచ్చింది. "గది గ అనుకోండ్రి. ఇంకో వేలు మూస్తే రి. మూడోది గూడ మూస్తే స."

"అంటే స రి గ కాదా అన్నా, గ రి సనా?"

"చేతికి వచ్చేది గట్లనే వస్తది సార్. కింది నుంచి మొదలుపెట్టాలని కాయిదం ఏమన్న రాసినమా?"

అప్పటినుంచి ప్రతి ఆదివారం మలక్‌పేటలో నేర్చుకున్నది సోమవారం మొఘల్‌పురాలో నేర్పేవాడు. ఈ ఏర్పాటులో అందరికంటే కష్టం షారోన్‌ది. నిన్న తన పక్కనే చాప మీద కూర్చుని ఏడుసార్లు తప్పు ఊదిన మనిషి ఈ రోజు డాబా మీద చేతులు వెనక్కి కట్టుకుని "గిది మస్తు ఈజీ" అంటుంటే, ఆ పిల్ల మొదటిసారి వింటున్నట్టు తలూపాలి. ఊపింది. ఆ క్వార్టర్‌లో సంగీతంలో ఆమెకే ఫస్టు.

మూడు నెలల్లో పిల్లలకు మూడు స్వరాలు వచ్చాయి గానీ పాట రాలేదు. కాగితంలో ఉన్నవి ఏ దేశం పాటలో, పిల్లల్లో ఎవరూ వినలేదు. బట్టీ పట్టినట్టు ఊదేవారు. వారానికి ముగ్గురు రికార్డర్ ఇంట్లో మరిచిపోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు క్లాసు మధ్యలో కింద గల్లీలోంచి ఖాజా భాయ్ కేక వినపడింది. పాత సామాను కొనే బండి అతనిది. "రద్దీ పేపరూ... లోహా... టీనూ..." ప్రతి మాటనూ పైన అందుకుని మెల్లగా కిందికి దించుతాడు. బాలనర్సింహ ఆ కేకను ఇరవై ఏళ్లుగా వింటున్నాడు, ఏనాడూ చెవిన పెట్టలేదు. ఈసారి మాత్రం వేళ్లు వాటంతట అవే కదిలాయి. గ గ రి స. ఊది చూశాడు. అచ్చం అదే! పిల్లలు పడీపడీ నవ్వి తామూ అందుకున్నారు. మూడు నెలల్లో రానిది పది నిమిషాల్లో వచ్చేసింది. ముప్పై ఆరు రికార్డర్లు కలిసి గల్లీ మొత్తానికి వినపడేలా పాత కాగితాలూ ఇనుమూ అడిగాయి.

ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. పేపర్ కట్టలు పట్టుకుని ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. ఎదురింటి సుందరమ్మ సొట్ట బకెట్ ఎత్తిపట్టుకుని పైకి చూస్తూ కేకేసింది: "ఏ ఖాజా! యాడున్నవ్ రా? మిద్దె మీద బేరం బెట్టినవా?"

అప్పటికే రెండు గల్లీలు దాటిపోయిన ఖాజా భాయ్, తన పాట వెనక నుంచి వినపడుతుంటే కంగారుపడి బండి తిప్పుకొచ్చాడు. సంగతి తెలిశాక వారంలో ఏ రోజు, ఏ టైముకు సంగీతం పీరియడో కనుక్కున్నాడు. ఆ తర్వాత సరిగ్గా ఆ వేళకు బడి కింద బండి ఆపుకుని, గొంతుకు పని చెప్పకుండా బీడీ కాల్చుకునేవాడు.

విమలాదేవి పిలిపించినప్పుడు ఇక అయిపోయింది అనుకున్నాడు బాలనర్సింహ. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"గా పాట ఏంది సార్? మస్తుగుంది. ఎక్కడిది?"

"మన బస్తీదే మేడమ్," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

వార్షికోత్సవం ఫ్లెక్సీ మీద ‘పాతబస్తీ ప్రాచీన జానపద బాణి’ అని పడింది. ఫంక్షన్ హాల్లో పిల్లలు తెల్లచొక్కాలతో రెండు వరుసలు కట్టారు. బాలనర్సింహ చెయ్యెత్తాడు. పాట మూడుసార్లు తిరిగింది. చివరి స దగ్గర ముప్పై ఆరు ఊపిరులు ఒకటై సన్నగా సాగి, ఒక్కసారే ఆగాయి. అతను పైకెత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయాడు. డాబా మీద ఏ ఆటలోనూ ఆ పిల్లలంతా అలా ఒక్కటిగా ఆగడం అతను చూడలేదు.

తర్వాత ముఖ్య అతిథి మైకు అందుకున్నాడు. పెద్ద పదవిలో రిటైరైన ఆఫీసరు. జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఇదే బాణీ తన నానమ్మ ఉయ్యాల ఊపుతూ పాడేదని, ఇలాంటివి అంతరించిపోతున్నాయని చాలాసేపు మాట్లాడాడు. మూడో వరుసలో కూర్చున్న డానియేలు తల వంచుకున్నాడు. అతని భుజాలు మాత్రం అదురుతున్నాయి.

కార్యక్రమం అంత బాగా జరిగింది కాబట్టే బాలనర్సింహకు సంగీతం తప్పింది. సంగీతానికి ఇంత గిరాకీ ఉన్నప్పుడు డిప్లొమా ఉన్న సారును పెట్టాలని యాజమాన్యం తేల్చింది. విమలాదేవి అతన్ని పిలిచి శాలువా కప్పి రికార్డర్లు అప్పగించమంది. ఒక్కొక్కటీ తుడిచి డబ్బాలో పెట్టాడు. తనది పెట్టలేదు. ఎవరూ అడగలేదు.

కొత్త సారు మొదటి నెలంతా సంగీత చరిత్ర నోట్సు రాయించాడట. బాలనర్సింహ ఆదివారం మలక్‌పేట వెళ్లినప్పుడు షారోన్ మొహం ముడుచుకుని చెప్పింది. అతను అయ్యో అన్నాడు గానీ, లోపల కొంచెం సంతోషం కలిగింది. అలా కలిగినందుకు సిగ్గు కూడా వేసింది. ఆ రోజు డానియేలు నాలుగో స్వరం మొదలుపెట్టాడు. దానికి చూపుడువేలు లేవాలి, నడిమివేలు దిగాలి. రెండూ ఒక్కసారే జరగాలి. గంటసేపు ప్రయత్నించినా ఆ రెండువేళ్లకూ పొత్తు కుదరలేదు.

ఇంటికొచ్చి రికార్డర్ బయటికి తీస్తే రూప మిషన్ ఆపింది.

"గా రద్దీ పేపర్ పాట ఒద్దు. నిన్న గది విని సుందరమ్మ మన పాత చాపలు గూడ ఇచ్చేస్తవా అని అడిగింది. ఇంకేదన్న ఉంటే ఊదు."

"ఇంకేం రాదే."

"గట్లయితే నేర్చుకో మరి," అంది రూప దారం కొరుకుతూ. "ఎవ్వలు ఒద్దన్నరు?"