మేనమామ సీటు

ఎవరికీ చెప్పనంటే చెప్తాను. మొన్న ఆదివారం ఒక పిల్ల పెళ్లి సంబంధం నా వల్ల నడిరోడ్డు మీద చెడిపోబోయింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. ఇప్పటికీ మొహం చూడలేదు!

పార్వతీపురం దగ్గర పల్లె నుంచి మా మేనత్త, ఆవిడ కొడుకు, అంటే మా బావ, వైజాగ్ చూడ్డానికి వచ్చారు. ఒక్కరోజు ప్రోగ్రాం. బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, సాయంత్రం బస్సు. మా ఇల్లు మల్కాపురం. మా ఆవిడ పుట్టింట్లో ఉంది కాబట్టి చూపించే బాధ్యత నాదే. బావ పొద్దున్నే క్యాబ్ బుక్ చేస్తానన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

“క్యాబేటి బావా! పన్నెండేళ్లయింది నాను ఈ ఊరొచ్చి. ఇక్కడ సెయ్యెత్తితే సాలు, ఏ ఆటో అయినా ఆగిపోద్ది. జరగమంటే జరుగుతారు. ఎక్కీడమే!”

జంక్షన్లో చెయ్యెత్తాను. ఆటో టక్కున ఆగింది. వెనక సీట్లో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. ఆవిడ ఒళ్లో ఓ పళ్లెం, దానిమీద కప్పిన జాకెట్టు ముక్క.

“జరగండమ్మా, పెద్దావిడ కూసోవాలి” అన్నాను. గబగబా జరిగారు. ఆయనైతే లేచి నిలబడబోయి తల టాపుకి కొట్టుకున్నాడు. నేనూ బావా డ్రైవరుకి అటొకరం ఇటొకరం ఇరుక్కున్నాం.

“బీచ్ సైడేనా బావగారూ?” అన్నాడు డ్రైవరు.

“బీచే, పోనీ. సూసావా బావా, మా ఊరి ఆటోవోళ్ల మర్యాద!”

దారిలో వెనకావిడ మా అత్తకి అరటిపండు ఇచ్చింది. అత్త ఇచ్చింది ఇచ్చినట్టు తినేసింది. ఇంతలో డ్రైవరు ఫోన్ మోగింది.

“బండి నడుపుతూ ఫోనేటి? ముందు రోడ్డు సూడు!” అని గదిమాను. మూడుసార్లు మోగింది. మూడుసార్లూ నా మొహం చూసి కట్ చేశాడు పాపం.

బీచ్‌లో ఆపమన్నాను. మేం దిగాం. వాళ్లూ దిగారు. పళ్లెం పట్టుకుని ఆవిడ, పంచె సర్దుకుంటూ ఆయన, మొక్కజొన్న పొత్తుల బండి పక్కన నిలబడి నావైపే చూస్తున్నారు. నేను చార్జీ తియ్యబోతే డ్రైవరు నా చెయ్యి పట్టేసుకున్నాడు.

“మగపెళ్లోరి దగ్గర డబ్బులేటండీ! ఇల్లెక్కడో సూపించండి. పదకొండు దాటితే వర్జ్యం వచ్చేత్తది.”

“ఏ ఇల్లు?”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అది షేర్ ఆటోయే కాదు! డ్రైవరు పెళ్లికూతురి చిన్నాన్న. వెనకున్నది తల్లీదండ్రీ. గంగవరం వైపు చేపలవేట చేసుకునే వాళ్లు, సంబంధం ఖాయం చేసుకోడానికి బయల్దేరారు. మల్కాపురం జంక్షన్లో పెళ్లికొడుకు మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దలు ఎక్కుతారనీ, ఆయనే ఇల్లు చూపిస్తాడనీ వీళ్లకి చెప్పారట. ఆయన్ని వీళ్లెప్పుడూ చూడలేదు. మేం సరిగ్గా ముగ్గురం!

మళ్లీ ఫోన్. ఈసారి ఎత్తాడు. మేనమామ అరుపు నాదాకా వినిపించింది. ఆయన కళ్లముందే ఆటో ఆగి, ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్లిపోయిందట. వెనకాలే వేరే ఆటోలో వస్తున్నాడట.

ఐదు నిమిషాల్లో ఆ ఇద్దరు పెద్దల్తో సహా దిగాడు. తెల్లచొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

“మేనమామని రోడ్డు మీద ఒగ్గీసి ఎలిపోతారా? ఫోన్ సేత్తే కట్ సేత్తారా? ఈ సంబందం మాకొద్దు!”

పెళ్లికూతురి తల్లి కళ్లు పైటచెంగుతో తుడుచుకుంది. ఒట్టు, నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ ఇసకలో గొయ్యి తవ్వుకుని కూర్చోవాలనిపించింది.

“కట్ సెయ్యమన్నది నానేనండీ” అన్నాను. బావ నేనెవరో తెలీనట్టు సముద్రం వైపు తిరిగిపోయాడు. అత్త మాత్రం ముందుకొచ్చింది.

“బాబూ, ఈడు నా మేనల్లుడు. కోతలెక్కువ, బుర్ర తక్కువ. తప్పు ఈడిదైతే ఆ పిల్లకేటి శిచ్చ? టైమైపోతంది, నడండి.”

మేనమామ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

“నా సీట్లో కూసున్నోడు నువ్వేనేటి?”

“నానేనండీ.”

“అయితే పెళ్లిలో మేనమామ పెట్టాల్సిన బట్టలు నువ్వే పెట్టు. ఒప్పుకుంటే ఎక్కుతాను.”

“పెడతానండీ! బాబ్బాబు, ఎక్కండి!”

పెళ్లికూతురి తండ్రి కిసుక్కున నవ్వాడు. మేనమామ మూతి కూడా నవ్వుకి కాస్త వంకర తిరిగింది. పదకొండుకి ఇంకా పది నిమిషాలుండగా ఆటో కదిలింది. డ్రైవరు నా నంబరు మాత్రం మర్చిపోకుండా తీసుకున్నాడు.

సబ్‌మెరైన్ లేదు, కైలాసగిరి లేదు. “ఆ పిల్ల సంగతి తెలకుండా నానెక్కడికీ రాను” అని అత్త అలల్లో కాళ్లు పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. రెండింటికి ఫోనొచ్చింది, ఖాయమైందని. బావ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అత్త బస్సెక్కుతూ నా తల నిమిరింది. తిట్టినా బాగుండేది.

మా ఆవిడకి ఇదంతా చెప్పే మొహం లేదు నాకు. నిన్న ఆవిడ పుట్టింటి నుంచి రాగానే ద్వారకా నగర్ బట్టల షాపుకి తీసుకెళ్లాను. జరీ అంచు పట్టుపంచె విప్పించి బేరమాడుతుంటే మెల్లిగా అడిగింది.

“ఎవరికండీ?”

“మా మేనల్లుడికి. పెళ్లి కుదిరింది.”

పంచె మడత పెట్టి పక్కన పెట్టి, నావైపు తిరిగింది.

“మీకు అక్కసెల్లెళ్లే లేరు కదేటి?”