గానుగ బేరింగుల బేరం

మొన్న నౌసోరి నుంచి సువా వెళ్తూంటే నసీను దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు చక్రం దగ్గర ఏదో గీరుకుంటున్న చప్పుడు కాసేపటి నుంచీ వస్తూనే ఉంది. డ్రైవరు దిగి, చక్రం మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే తీసేసి, బేరింగు పోయిందన్నాడు. ఇక బస్సులో అందరూ నిపుణులైపోయారు. సువాలో ఫలానా షాపులో చవకని ఒకరు, ఆ చవక సరుకు నెల తిరక్కుండా అరిగిపోతుందని ఇంకొకరు, మూడు చోట్ల అడిగి గానీ కొనకూడదని మరొకాయన. ఫిజీ హిందీలో వాదన జోరుగా సాగింది. నా పక్కన కూర్చున్న కుర్రాడు నా తెల్లజుట్టు చూసి, "నువ్వు చెప్పు ఆజా, ఏ షాపు మంచిది?" అని తాత వరస కలిపి అడిగాడు. నాకు నవ్వొచ్చింది. అక్క పోయి, పదకొండో రోజు కర్మ జరిగింది ఆ ముందు వారమే. నవ్వడం నాకే వింతగా తోచింది.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా ఊళ్ళు వేరు, కులాలు వేరు. మద్రాసులో ఒకే ఓడ ఎక్కాం, అంతే. ఒకే ఓడలో వచ్చినవాళ్ళని ఇక్కడ జహాజీలంటారు. చాలామంది జహాజీలు తమ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా చెయ్యరు, తోబుట్టువుల వరస అని. ఓడలో నేను వాంతులతో లేవలేక పడి ఉన్నప్పుడు ఆవిడ తన వంతు నీళ్ళు నాకు తాగించింది. లేచి కూర్చోగలిగిన రోజు నుంచీ అక్కా అని పిలిచాను. దాంతో ఆవిడ మొగుడు నాకు బావ అయ్యాడు. ఆయన నన్ను ఏడిపించడానికీ నేను ఆయన్ని ఏడిపించడానికీ హక్కు ఆ ఓడ మీదే వచ్చింది. ఇద్దరం ఆ హక్కుని ఆయన బతికినంతకాలం వాడుకున్నాం.

ముగ్గురం ఐదేళ్ళ గిర్మిట్, అంటే వేలిముద్ర వేసి ఒప్పుకున్న కూలి, చెరుకు తోటలో ఒకే కూలి లైన్లలో ఉండి చేశాం. ఆ రోజుల గురించి చాలామంది రాశారు. నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. లైన్ల దగ్గర దుకాణం ఒక్కటే. దుకాణదారు చెప్పిందే ధర. అక్క విజయనగరం దిక్కు మనిషి, పుట్టింటి వాళ్ళు సంతల్లో తిరిగి సరుకమ్మినవాళ్ళు. బేరం ఆడకుండా వంకాయ కొనడం ఆవిడకి పరాయివాడి ఇంట్లో భోజనానికి కూర్చున్నంత ఇబ్బంది. మొదట్లో "తగ్గించవా బాబూ?" అని అడిగేదట. దుకాణదారు జవాబు కూడా చెప్పేవాడు కాదు. తర్వాత అడగడం మానేసింది. గిర్మిట్ తీరిన మర్నాడు ఉప్పు తెస్తానని నౌసోరి బజారుకి వెళ్ళి, పొద్దు వాలాక ఉత్త చేతులతో వచ్చింది.

"ఉప్పేదే?" అన్నాడు బావ.

"రేపు కొంతాను. ఇయాల అన్ని దుకానాల్లోనూ ధర అడిగొచ్చినాను," అంది. ఆ పూట ఉప్పులేని పప్పు తిన్నాం. అక్క ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత రేవా నది పక్కన కొంత నేల కౌలుకి తీసుకుని చెరుకు వేశాం. చక్కెర కంపెనీ చెరుకు మోసే ట్రాము పట్టాలు మా నేలకి చాలా దూరం, అందుకని కంపెనీ మా చెరుకు తీసుకోదు. బెల్లం వండుకుంటేనే మాకు గింజలు. స్వదేశం వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర మూడు ఇనప రోలర్ల ఎద్దు గానుగ కొన్నాం. ఒక పంట ఆడింది. రెండో పంట కోతలు మొదలైన వారంలోనే రోలర్లు ఊగడం మొదలుపెట్టాయి. చెరుకు సగం రసంతోనే అవతలికి వచ్చేస్తోంది. విప్పి చూస్తే బేరింగులు పూర్తిగా అరిగిపోయాయి. గుండ్లున్న బేరింగులు అప్పటికి మాకు తెలియవు. బేరింగంటే ఇరుసు తిరగడానికి చుట్టూ వేసిన లోహపు గొట్టమే. కోసిన చెరుకు గుట్టగా పడి ఉంది. ఆలస్యమైతే పులిసిపోతుంది. ఇది తెలిసి, లైన్లలో మా చేత పని చేయించిన పాత సర్దారు గుర్రమెక్కి పలకరించడానికి వచ్చాడు.

"గానుగ ఆగిపోతే బెంగపడకు," అన్నాడు బావతో. "మల్లీ బొటనవేలు ముద్ర ఎయ్యి. లైన్లో నీ గది కాలీగానే ఉంచినాను."

సర్దారు వెళ్ళాక బావ, "నిజానికి ఆ గది కప్పు కారదు," అన్నాడు మెల్లిగా. అక్క అరిగిన బేరింగుని గుడ్డలో మూటకట్టి, "తమ్ముడూ, నడు సువాకి," అంది. బావ ఎద్దుల దగ్గర ఉండిపోయాడు.

ఇప్పుడు బస్సులు ఆగే ఆ నసీను అప్పుడు అడవీ బురదానూ. నడిచి వెళ్ళాం. సువాలో ముందు దొర దుకాణం. కొత్త ఇత్తడి బేరింగులు సిడ్నీ నుంచి తెప్పించాలన్నాడు. ధర మా ఎద్దుల్లో ఒకదాని ఖరీదంత ఉంది. పైగా స్టీమరు వచ్చేదాకా ఆగాలి. "ఒక్కెద్దుతో గానుగ నువ్వొచ్చి తిప్పుతావా అని అడగరా," అంది అక్క నాతో. నేను అడగలేదు. ఇంకో రెండు చోట్ల లేవన్నారు. చివరికి రేవు దగ్గర పాత పడవల ఇంజన్లు విప్పి అమ్మే చీనా తాత దగ్గరికి వెళ్ళాం. పెరటి నిండా తుప్పు గుట్టలు. ఇనుము తొలవడానికి కాలితో తొక్కే లేతు మిషను ఒకటి. మా మూట విప్పి చూసి, రెండు రకాల బేరింగులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పసుపుగా, గట్టిగా ఉంది. ఇంకొకదానికి లోపల తగరంలాంటి బూడిదరంగు పూత ఉంది. దాని మీద గోరు గీస్తే గీత పడుతోంది.

అక్క ఇత్తడి చెంబుని ఎలా చూస్తుందో అలాగే చూసింది. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. పసుపుది ఖంగుమని మోగి, మోత చాలాసేపు నిలిచింది. బూడిదది టప్పుమంది. చీనా తాత బూడిదదాన్ని ముందుకి జరిపి, "ఈ అచ్ఛా. ఊ నహీ అచ్ఛా," అన్నాడు. ఇది మంచిది, అది కాదు అని. పైగా అతను మెచ్చుకున్నదే చవక.

అక్క నావైపు తిరిగింది. "సూసినావా? తక్కువ ధరది తీసుకోమని ఏ సావుకారైనా సెప్తాడా? సెల్లని సరుకు మనకి అంటగడతన్నాడు." ఐదేళ్ళు ఒకే దుకాణంలో కొన్న మనిషికి అలా అనిపించడంలో తప్పేమీ లేదు. నాకూ అలాగే అనిపించింది. గట్టిగా బేరమాడి, పసుపుదాని ధర బాగా తగ్గించి, గెలిచినట్టు ఇంటికి వచ్చాం.

మర్నాడు గానుగ కట్టాం. ఎద్దులు తిరగ్గానే కీచుమంది. కొబ్బరినూనె పోశాం. మధ్యాహ్నానికి ఇరుసు పట్టుకోలేనంత వేడెక్కింది. నూనె మాడిన వాసన చెరుకు వాసనని మింగేసింది. బావ ఎద్దుల్ని ఆపి బేరింగు ఊడదీశాడు. దాని మీద మచ్చ కూడా లేదు. ఇరుసు ఇనుము మీద మాత్రం చుట్టూ గీతలు పడ్డాయి. ఇంకో పూట ఆడితే ఇరుసు పోయేది, దాంతో గానుగే పోయేది.

"బాగా మోగిందని కొన్నావు గదా," అన్నాడు బావ. "తాడు కట్టి ఎద్దు మెడకి ఏలాడదీద్దుమా? ఏమే, నీ తమ్ముడి మెడకైతే ఇంకా బాగుంతది."

అక్క ఇరుసు మీద గీతల్ని వేలితో తడిమింది. చెరుకు గుట్ట దగ్గరికి వెళ్ళి ఒక ముక్క విరిచి నాలిక మీద పెట్టుకుంది. "ఇంకా పులవలేదు," అని చీర చెంగు దోపుకుంది. మళ్ళీ నడిచాం. దారంతా నేను లైన్లలో ఖాళీగా ఉన్న గది గురించే ఆలోచించాను.

చీనా తాత మమ్మల్ని చూసి పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక పాత ఇరుసు ముక్క ఒకటి తెచ్చి, దాన్ని బూడిద బేరింగులో పెట్టి తిప్పి, పొడి రాలిన బేరింగునీ గీత పడని ఇనుమునీ చూపించాడు. ఇది అరగాలి, ఇనుము మిగలాలి. ఇది అరిగితే మళ్ళీ నా దగ్గర కొంటావు, ఇనుము అరిగితే ఏం కొంటావు అని చేతులతోనే చెప్పాడు. అక్కకి అది వెంటనే అర్థమైంది. రోజూ వచ్చే గిరాకీ కోసం ఈ పూట చవకగా ఇచ్చే వర్తకులు ఆవిడ పుట్టింటివాళ్ళే.

"ఇది యాపారం," అంది తృప్తిగా. ఆ తర్వాత ఏమాత్రం మొహమాటపడకుండా మళ్ళీ బేరం మొదలుపెట్టింది. పసుపువి తిరిగి తీసుకోవాలి, బూడిదవి అదే ధరకి ఒకటి ఎక్కువ ఇవ్వాలి, మా ఇరుసు కొలతకి లేతు మీద తొలిచి పెట్టాలి, పైన ఏదైనా కొసరు వెయ్యాలి. కొసరుగా చీనా తాత ఇంజన్లకి పూసే కొవ్వు డబ్బా తీశాడు. అక్క మూత తీసి వాసన చూసి, "ఏ జంతువుదో అడగరా," అంది. అతను రెండు వేళ్ళు నెత్తి మీద కొమ్ముల్లా పెట్టి చూపించాడు. అక్క డబ్బా వెనక్కి తోసి, ముక్కు మూసుకుని, కొబ్బరినూనె పుచ్చుకుంది. వస్తూంటే అతను నాతో ఏదో అన్నాడు. "నీ అక్కని ఇక్కడే వదిలి వెళ్ళు, దుకాణం చూసుకుంటుంది" అన్నాడని నేను అనుకుంటున్నాను.

ఆ తర్వాత గానుగ చప్పుడు లేకుండా తిరిగింది. మొదటి రోజు ఇరుసుని పదేపదే తడిమి చూశాం. చల్లగా ఉంది. పెనంలో రసం కాగి నురగ పొంగి, వాసన గాలికి నది అవతలి ఒడ్డుదాకా పోయింది. ట్రాము దూరమైన రైతులు ఇంకొందరు చెరుకు బళ్ళతో మా వాకిట్లోకి వచ్చారు. సర్దారు కూడా వచ్చాడు. గుర్రం దిగి కాసేపు గానుగనీ, బెల్లం దిమ్మల్నీ చూసి, ఇక గది సంగతి ఎత్తకుండా, దిమ్మ ఎంత అని అడిగాడు. అక్క చెప్పింది.

"శానా ఎక్కువ," అన్నాడు.

"పక్క దుకానంలో అడిగి రండి సర్దారూ," అంది అక్క. చుట్టుపక్కల ఇంకెక్కడా బెల్లం లేదు. బావ ఎద్దు వెనక్కి పోయి నవ్వాడు. సర్దారు అడిగినంతా ఇచ్చి కొనుక్కుపోయాడు. ఆయన కనుమరుగయ్యాక బావ భుజం మీది తువ్వాలు తీసి గాల్లోకి ఎగరేశాడు. అక్క మాత్రం పెనం కింద మంట ఎగదోస్తూ, రేపు సువాలో బెల్లానికి ఎవరెంత ఇస్తారో కనుక్కురమ్మని నాకు పురమాయించింది.

ఆ ఏడు గానుగ ఎన్నాళ్ళు ఆడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. గిర్మిట్ ఐదేళ్ళూ మా ప్రతి రోజునీ ఇంకొకరు లెక్కపెట్టారు. లెక్కలేకుండా గడిచిన ఆ కాలమే మా సొంతమని మాకు మిగిలింది.