కుర్చీ మీద మోకాలు

షుగరుతో కుడి అరికాలు పుండుపడినా, పాస్టరు జ్ఞానప్రకాశం బైబిలు సంచిలోనే ఇన్సులిన్ పెట్టుకుని ఊరూరా సభలకు తిరుగుతూనే ఉన్నాడు. ఆ కాలు నేలకు ఆనిస్తే తీసేయాల్సి వస్తుందని డాక్టరు హెచ్చరించడంతో, పూతలపట్టు సభలో భార్య ఎస్తేరు వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించింది.

"కూర్చోని చెప్పేది ఊసుపోని కబుర్లు. వాక్యం నిలబడే చెప్పల్ల," అన్నాడాయన.

"దేవుడికి కుర్చీలంటే పడదా ఏంది?" అందామె.

ఆయన మైకు అందుకుని, కట్టు కట్టిన కాలు మడిచి, మోకాలు కుర్చీలో ఆనించి, ఎడమకాలి మీద నిటారుగా నిలబడ్డాడు. గొంతు పెరిగేకొద్దీ కుర్చీ పక్కకు జరగసాగింది. ఎస్తేరు కొంగు నడుముకు దోపుకుని వేదిక ఎక్కింది. కింద చతికిలబడి కుర్చీకాళ్లు రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"ఊఁ, ఇంక చెప్పండి," అంది.