కందిపప్పు మూట పట్టుకుని సముద్రం ఒడ్డుకు

సముద్రం గురించి నాకెవరూ గొప్పగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు దాని పక్కనే ఉంటున్నాను. నా కుట్టుమిషను సూదులకు తుప్పు పట్టించేది అదే, ఆరేసిన బట్టల్ని పూర్తిగా ఆరనివ్వనిదీ అదే. ఈ ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ఇక్కడివాళ్ళు పొంగిపోతారు. ఇప్పటికే చాలినంత పొంగి ఉన్నారు.

మేం సముద్రాన్ని చూసి మురిసిపోవడానికి రాలేదు. మా పాపకు ఊపిరాడక వచ్చాం.

మాది సత్తుపల్లి పక్కన ఒక ఊరు. ఇంటి వెనక పామాయిల్ తోట, ఆ తోట దాటితే బొగ్గు గని. నేలను పైనుంచి ఒలుచుకుంటూ పోయే రకం. మధ్యాహ్నం పూట సైరన్ మోగుతుంది, కాసేపటికి పేలుస్తారు. సైరన్ వినబడగానే మా వీధిలో ఏ ఇంట్లోనైనా జరిగేది ఒకటే. పొయ్యి ఆపడం, అరల మీది గిన్నెలు కింద పెట్టడం, పిల్లల్ని తీసుకుని వీధిలోకి వచ్చి నిలబడడం. కాళ్ళ కింద నేల ఒకసారి ఉలిక్కిపడుతుంది. గోడ పగుళ్ళలోంచి సున్నం రాలుతుంది. దుమ్ము లేస్తుంది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి అన్నం తింటాం. భయమేమీ ఉండదు. అన్నానికి ముందు చేతులు కడుక్కున్నట్టే అదీను. మా పాప నడక నేర్చినప్పటి నుంచి ఆ సైరన్‌కు పరుగెడుతూనే ఉంది. ఉబ్బసం మొదలయ్యాక, నోట్లో కొట్టుకునే స్ప్రే పిడికిట్లో పట్టుకుని మరీ పరుగెత్తేది. వీధిలోకి రాగానే భుజాలు ముందుకు వంచి, అరుగు మీద కూర్చుని, మాట మాటకూ మధ్య గాలి వెతుక్కునేది.

దుమ్ము గురించి నేను అడగని చోటు లేదు. ఒకసారి ఒక ఆఫీసరు చూడడానికి వచ్చాడు. కారు అద్దాలు దించకుండానే వీధంతా తిరిగాడు. చివరికి దిగి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నన్నడిగాడు: "మీరు ఇల్లు ఊడ్చేటప్పుడు నీళ్ళు చల్లుకుంటారా, అమ్మా?" ఆ చేతిరుమాలు అంచు నీలం రంగు. నాకు బాగా గుర్తుంది.

ఖమ్మంలో డాక్టరు ఇంకా తొందరగా తేల్చేశాడు. "దుమ్ము లేని చోటికి మారండి." చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా అన్నాడు. "యాడికి పోవాలె, సార్?" అన్నాడు మా ఆయన. "ఎక్కడికైనా. సముద్రం వైపు వెళ్ళండి, గాలి బాగుంటుంది," అంటూనే తర్వాతి వాళ్ళ కోసం బెల్లు కొట్టాడు. ఆయనకు ఆ గాలి ఎవరు కిరాయికి ఇస్తారో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మా ఆయనది మోటారు వైండింగ్ పని. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుడతాడు. నాది జాకెట్లు కుట్టే పని. రెండూ ఏ ఊళ్ళోనైనా చేసుకోవచ్చు గానీ, రెంటినీ కలిపినా పెద్ద ఊళ్ళో కిరాయికి సరిపోవు. కాబట్టి చిన్న ఊరు కావాలి. వరదొస్తే నీళ్ళు ఇంట్లోకి రాని ఊరు కావాలి. పాప ఊపిరి పీల్చగలిగే ఊరు కావాలి. ఇవి మూడూ ఒక్క చోట అడగడం అత్యాశ అని అందరూ ఏదో ఒక రకంగా నాకు తెలియజేశారు. మా ఆయన షాపు పక్కనే పరుపుల్లో దూది నింపే భాయ్ ఒక్కడే సంతోషపడ్డాడు.

"ఫికర్ ఎందుకు, తమ్మీ? ఆడ ఉప్పు గాలికి మోటార్లు ఊకె కాలిపోతయ్. నీకు గిరాకీయే గిరాకీ. నన్ను మాత్రం రమ్మనకు, దూది తడిస్తే నా బతుకు పాయె."

సముద్రం ఒడ్డున మాకు తెలిసింది ఒకే ఒక్క మనిషి, మా ఆయన అక్క. ఏటా ఎండాకాలం మా ఇంటికి వచ్చి, మా కూర తిని, "ఈ అడవిలో ఏముంది, మా ఊరు రండి, సముద్రం గాలి పీలిస్తే పాప చక్కబడుతుంది" అనేది. తను పుట్టింది ఆ ఇంట్లోనే. వస్తున్నామని ఫోన్ చేస్తే, "ఎన్నాళ్ళుంటారు?" అంది. ఉండిపోవడానికే అన్నాను. ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. కట్టవలేదు.

బయలుదేరేముందు సంచిలో కందిపప్పు మూట పెట్టుకున్నాను. మా అమ్మ ఏ ఊరికి పిల్లనివ్వాలన్నా ముందు ఆ ఊరి నీళ్ళలో పప్పు ఉడుకుతుందా అని అడిగేది. ఉప్పు నీళ్ళలో, సవుడు నీళ్ళలో పప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా గింజ గింజగానే ఉంటుంది. మనుషులు అబద్ధం చెబుతారు. పప్పు చెప్పదు. అందుకే మా చేలో పండిన పప్పే తీసుకెళ్ళాను. పప్పుదే తప్పు అనే మాట ఎవరికీ దొరకకూడదని.

వెళ్ళిన రోజు మా వదిన మాకు స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, పక్కింటావిడకు పూల కప్పులో ఇచ్చింది. "మా తమ్ముడు వాళ్ళండి. అడవి వైపు ఉంటారు లెండి," అని పరిచయం చేసింది. మా ఊరి "అవ్" మరచిపోయి మాట మాటకీ "ఆయ్" అనే మనిషికి, మేం అడవి వైపు వాళ్ళం.

మొదటి ఇల్లు మేడ మీద. గాలి నిజంగానే బాగుంది. "ఫ్యాను అక్కర్లేదండి," అన్నాడు యజమాని, ఆ గాలిని తనే విసురుతున్నట్టు. నేను కుళాయి తిప్పి సీసాలో నీళ్ళు పట్టుకున్నాను. వాటితో మా వదిన వంటింట్లో పప్పు పెట్టాను.

"మా పరువు తీస్తున్నావే," అంది వదిన. "నీళ్ళు వండుకుని చూసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."

కుక్కరు ఎన్ని కూతలు కూసినా పప్పు అలాగే ఉంది. గిన్నెలో పోస్తే గలగలలాడింది. ఆ గిన్నె పట్టుకెళ్ళి యజమానికి చూపించాను.

"బోరు నీళ్ళతో ఇక్కడెవరూ వండరండి. క్యాన్లు కొనుక్కుంటారు."

"అంటే మీరు కిరాయికి ఇచ్చేది గాలేనా?" అన్నాను.

రెండో ఇల్లు సముద్రపు పాయ ఒడ్డున. కిరాయి చవక. మా ఆయన మొహం వెలిగింది. ఆయన మొహం వెలిగితే నాకు అనుమానం వస్తుంది. ముందు గది గోడల చుట్టూ దేవుళ్ళ క్యాలెండర్లు తగిలించి ఉన్నాయి. అన్నీ పాతవి, అన్నీ ఒకే ఎత్తులో, నా నడుం దగ్గర. దేవుడికి దణ్ణం పెట్టాలంటే గొంతుక్కూర్చోవాలి. ఒక క్యాలెండరు ఎత్తి చూశాను. వెనక మట్టిరంగు చార ఉంది. పక్కదీ ఎత్తాను. గది చుట్టూ నీళ్ళు నిలబడిన గీత తిన్నగా ఉంది.

"చెమ్మేమోనే," అన్నాడు మా ఆయన.

"అదెప్పుడో వచ్చిందండి," అన్నాడు యజమాని. "మళ్ళీ రాదండి."

"రానని మీకు చెప్పి పోయిందా?"

బయటికి వచ్చాక మా ఆయన, "నువ్విట్ల మాట్లాడితే మనకెవలిస్తరే ఇల్లు?" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి అంటున్నాడు ఆ మాట, సందర్భాలే మారాయి.

మూడో ఇల్లు ఊరికి అవతలి చివర. ముందు వాటాలో ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. వెనక వాటా ఖాళీ. పునాది ఎత్తు, ఎక్కడానికి మెట్లున్నాయి. గోడలన్నీ నేల దాకా తడిమాను, చారలేమీ లేవు. కుళాయికి కాలువ నీళ్ళు శుద్ధి చేసి వదులుతారట. ఆవిడ మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, నవ్వుతూ అడిగింది.

"ఇంతకీ మీరేవిట్లండి?"

ఏ కులమని. అది అడగకుండా ఇక్కడెవరూ ఇల్లివ్వరు. నాకు అర్థమైంది, అయినా, "మోటార్లు చుడతారండి," అన్నాను. వదిన నా కాలు తొక్కి, అసలు జవాబు తను చెప్పేసింది. ఆవిడ తలాడించింది. పప్పు సంగతి చెబితే విచిత్రంగా చూసి, "మా వంటింట్లోనే పెట్టుకోండి, నాకూ చూడాలనుంది," అంది. ఆవిడ గిన్నె, ఆవిడ పొయ్యి, మా పప్పు. కాసేపటికి ఆవిడే మూత తీసి గరిటెతో నొక్కితే గింజ మెత్తగా విడిపోయింది. మరి కాసేపు ఉంచుదామని మూత పెట్టాను.

అప్పుడు మోగింది సైరన్.

నేను ఏమీ ఆలోచించలేదు. పొయ్యి ఆపేశాను. మా ఆయన కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి దూకి, అర మీదున్న ఆవిడ ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే దించి నేల మీద పెట్టేశాడు. మా పాప ఒక చేత్తో స్ప్రే, ఇంకో చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, "రా, అమ్మమ్మా, జల్దీ రా!" అంటూ మెట్లు దించి వీధిలోకి లాక్కుపోయింది. ఆవిడ చెప్పుల్లేకుండా, చేతిలో గరిటెతో, మాతోపాటు వీధి మధ్యలో నిలబడింది. మమ్మల్ని చూసి అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు కూడా బయటికొచ్చారు.

"ఏవైందండీ?"

ఏమీ కాలేదు. నేల కదల్లేదు. ఒక కాకి అరిచింది.

"ఐసు ఫ్యాక్టరీ సైరనండి అది," అన్నారెవరో. "రోజూ మోగుద్ది."

"మా ఊళ్ళె అన్నాల యాళ్ళకు సైరన్ మోగితే పేలుస్తరు," అన్నాడు మా ఆయన. ముందు ఎదురింటి ఆయన నవ్వాడు, తర్వాత వీధంతా నవ్వింది. "మీ ఊళ్ళో భోజనానికి బాంబులేసి పిలుస్తారాండి?" అన్నాడు. మా వదిన నెత్తి కొట్టుకుంది. "ఏమనుకోకండి, అడవి జనం. వాళ్ళకి కొత్త," అంది అందరికీ వినబడేలా. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. లోపలికి తొంగి చూసి, "నా బిందెలెందుకు దించాడమ్మా మీ ఆయన?" అని అడిగింది. ఆ గొంతులో ఏముందో నాకు తెలుసు.

"మా దిక్కు సైరన్ మోగితే గనిలో పేలుస్తరండి. బిందెలు పడి సొట్టలు పోవద్దని దించిండు," అన్నాను. "దొంగలైతే ఇంటామెను చెయ్యి పట్టి బయటికి తీసుకొస్తరా?"

"ఆలోచించుకుని చెబుతాలెండి," అంది.

ఆ మాటకు అర్థం కూడా తెలుసు. మూట సర్దమని చెప్పడానికి మా ఆయన కోసం వెతికాను. ఇంతమంది నవ్విన వీధిలో, అడవి జనం అనిపించుకున్న చోట, నా శవం కూడా ఉండదని చెప్పాలనుకున్నాను. అప్పుడు చూశాను మా పాపను.

అది మెట్ల దగ్గర ఆగలేదు. సందు చివరి దాకా పరుగెత్తి, అక్కడ చూసి, మళ్ళీ పరుగెత్తుకుంటూ వెనక్కొచ్చింది. భుజాలు వంచలేదు. అరుగు వెతకలేదు. స్ప్రే పిడికిట్లోనే ఉంది, మూత తీయలేదు.

"అమ్మా, సైరన్ మోగింది గదా, మరి పేలదేంది? ఎంతసేపు నిలబడాలె? అమ్మమ్మ గరిటె తెచ్చిందేంది?"

ఇన్ని మాటలు ఒక్క ఊపిరిలో. అంత పొడుగు మాట అది చివరిసారి ఎప్పుడు అన్నదో నాకు గుర్తు రాలేదు. అవమానాలైతే అన్నీ గుర్తుంటాయి నాకు.

నేను ఆ పెద్దావిడ ఎదుట నిలబడ్డాను. "ఆలోచించేది లేదండి. ఇల్లు మాకే ఇవ్వాలె. మీ పొయ్యి ఆపింది, మీ బిందెలు దించింది, మిమ్మల్ని బయటికి తెచ్చింది మేమే. ఈ నవ్వినోళ్ళలో ఒక్కరన్నా మీ కోసం లోపలికి వచ్చిండ్రా?"

"దేనికొస్తారమ్మా, ఐసు ఫ్యాక్టరీకి?" అంది ఆవిడ. అని, ఆవిడా నవ్వింది. తర్వాత గరిటె నా చేతిలో పెట్టింది. "ముందెళ్ళి పొయ్యి వెలిగించు. సగం ఉడికిన పప్పు చల్లారితే మళ్ళీ ఉడకదు. బిందెలు ఎక్కడివక్కడ పెట్టమను."

ఇల్లు ఇస్తున్నానని ఆవిడ ఇప్పటి వరకూ నోటితో చెప్పలేదు. కిరాయి మాత్రం తీసుకుంటోంది.

ఈ వీధిలో మమ్మల్ని సైరనోళ్ళు అంటారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కూడా సైరనోళ్ళావిడ అనే చెప్పుకుంటారు. ఎదురింటాయన మోటారు కాలిపోతే మా ఆయన చుట్టిచ్చాడు. భాయ్ చెప్పినట్టు ఆ గిరాకీకి మాత్రం లోటు లేదు. ఆ ఎదురింటాయన పని అన్నిటికన్నా చివర చెయ్యమని నేనే చెప్పాను. తుఫాను కబురు వచ్చినప్పుడల్లా పాప పుస్తకాలూ మందులూ సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచుతాను. దానికీ నవ్వుతారు. నవ్వనీ.

మొన్న వేసవిలో మా ఊరు వెళ్ళాం. "సముద్రపోళ్ళు వచ్చిండ్రు," అని వెక్కిరించారు మావాళ్ళు. ఇక్కడ అడవి జనం, అక్కడ సముద్రపోళ్ళం. మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నప్పుడు సైరన్ మోగింది. అందరూ లేచారు. మా ఆయన గిన్నెలు దించాడు. నేను గడప దాటి వెనక్కి చూస్తే, మా పాప ఒక్కతే కంచం ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుంటోంది.

"లే, బిడ్డా! సైరన్!" అన్నాను.

"ఐసు ఫ్యాక్టరీదే గదా," అంది, తలెత్తకుండా.

చంకలో వేసుకుని బయటికి తెచ్చాను. నేల కదిలింది, సున్నం రాలింది, తోట మీదుగా దుమ్ము వచ్చింది. కాసేపటికి దాని భుజాలు ముందుకు వంగాయి. సంచి అడుగున ఎక్కడో ఉన్న స్ప్రే కోసం నేను వెతికాను. ఇంకా రెండు రోజులుండి పొమ్మన్నారు అందరూ. ఆ సాయంత్రం బస్సుకే బయలుదేరాం.

తిరిగి వచ్చేసరికి పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. "అప్పుడే వచ్చేశారేం? మీ అడవిలో తోచలేదా?" అంది.

నేను లోపలికి వెళ్ళి కుళాయి తిప్పి, పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను.