తలుపు అవతల మా అక్క

మా అక్క ఆరోగ్య శాఖ మంత్రి అయిన రోజున మా ఇంటికి ఒక విలేకరి వచ్చి, "మీ అక్కగారికి చిన్నప్పటి నుంచీ నాయకత్వ లక్షణాలు ఉండేవా?" అని అడిగాడు. చిన్నప్పుడు అక్కకున్న లక్షణం ఒక్కటే, ఎవరైనా వద్దంటే అదే చేయడం. ఆ మాటే చెప్పాను. పత్రికలో మాత్రం వేయలేదు.

అక్క నర్సుగా చేరింది మా ఊరి ప్రసూతి ఆసుపత్రిలో. నా తొలి కాన్పూ అక్కడే. కాన్పు గదిలోకి బయటివాళ్లెవరూ రాకూడదని నిబంధన. దాన్ని కాపాడే హెడ్ నర్సును అందరూ చాటుగా గడియమ్మ అనేవాళ్లు. ఆవిడ ఒకసారి గడియ వేసిందంటే, కాళ్లమీద పడ్డా తీయదు. ఆ రోజు అక్కకు వేరే వార్డులో డ్యూటీ. నేను లోపల "అమ్మా" అని అరుస్తున్నాను. తలుపు అవతల చెక్క బెంచీ మీద కూర్చుని అమ్మ "ఇక్కడే ఉన్నానే తల్లీ" అంటూ ఏడుస్తోందట. నాకేం వినిపిస్తుంది? చచ్చిపోతాననే అనుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. భయం మాత్రం చాలాకాలం పోలేదు.

డ్యూటీ దిగి వచ్చిన అక్క నా మొహం చూసి, "ఈ తలుపు తీయిస్తానే," అంది.

"ఇక్కడ పనిచేసే నువ్వే రాలేకపోయావు. ఇంకెవరికి తీయిస్తావు?" అన్నాను. ఒళ్లు మండిపోయింది మరి.

నిబంధనకు కారణం లేకపోలేదు. మంచాల మధ్య అడ్డమన్నదే లేదు. ఒకరి మనిషి లోపలికొస్తే పక్క మంచం మీది ఆడదాని మర్యాద ఏం కాను? కాన్పు గది డ్యూటీకి మారగానే అక్క పాత దుప్పట్లు కలిపి కుట్టి, కట్లు కట్టే గుడ్డను తాడులా పేని, మంచం మంచానికీ తెరలు వేలాడదీసింది. గడియమ్మ భోజనానికి లేవగానే, భయంతో గజగజలాడుతున్న ఒక అమ్మాయి తల్లిని లోపలికి తీసుకొచ్చింది. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని నిబ్బరంగా కన్నది. కానీ సంగతి తెలిసి గడియమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వచ్చేసింది. పెద్ద డాక్టరు గారు తెరలు పీకించి, అక్కను ఎక్కడో మారుమూల చిన్నాసుపత్రికి బదిలీ చేయించారు.

పీడా విరగడైందనుకుని ఉంటారు పాపం! కొత్త చోట హెడ్ నర్సూ అక్కే, గడియా అక్క చేతిలోనే. తెరలు మళ్లీ లేచాయి. తల్లుల్నీ అక్కల్నీ వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి ఆడవాళ్లో రాసాగారు. తర్వాత అక్క నర్సుల సంఘానికి నాయకురాలైంది, ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎలాగూ ఓడిపోయే సీటే కదా అని పార్టీవాళ్లు అక్కను నిలబెట్టారు. అక్క చేతిమీదుగా బిడ్డ పుట్టిన ప్రతి ఇల్లూ ఓటేసింది. ప్రచారంలో అరిచి అరిచి బావకు గొంతు పోయింది. "పోతే పోయింది, ఇంట్లో దానికి పెద్దగా పని లేదుగా," అన్నాడు గుసగుసగా.

మంత్రిగా మొదటి సమావేశంలోనే అక్క ఆ తలుపు సంగతి ఎత్తింది. ఒక అధికారి, "ఆలోచన బాగుంది మేడమ్. ఆచరణలో కుదరదు," అన్నాడు.

"కుదిరింది కాబట్టేనయ్యా నన్ను బదిలీ చేశారు," అంది అక్క.

ముందు అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదులకూ తెరలు వెళ్లాయి. వెనకాలే ఆదేశం వెళ్లింది. కనే ఆడదాని పక్కన ఆమె కోరుకున్న మనిషి ఒకరు ఉండవచ్చు. సంతకం పెట్టిన రోజు అక్క నాకు ఫోన్ చేసింది. ఇద్దరం ముక్కులు చీదుకుని పెట్టేశాం.

మొన్న నా కూతురికి నొప్పులొచ్చాయి. ఆ రోజు ఆ గదిలో పుట్టిన పిల్లే. ఆసుపత్రీ అదే. ఇప్పుడు మంచం చుట్టూ ఆకుపచ్చ తెర ఉంది, దాని చెయ్యి నా చేతిలో ఉంది. అంతలో తలుపు దగ్గర అలికిడైంది. కబురు తెలిసి అక్క పరుగున వచ్చింది, వెనకాల డాక్టర్ల గుంపు. నిన్నగాక మొన్న చేరిన నర్సు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపల పెద్దావిడ ఉన్నారు మేడమ్. ఒక్కరే ఉండాలి."

"ఎవరనుకుంటున్నావమ్మా? మంత్రిగారు!" ఒక డాక్టరు గద్దించాడు.

"తెలుసండీ. ఆ ఆర్డరు ఇచ్చింది మేడమ్ గారేగా."

లోపల్నుంచి అంతా వింటున్నాను. వద్దంటే అదే చేసే మనిషి కదా, ఆ నర్సు పిల్ల ఉద్యోగం ఏమవుతుందోనని భయపడ్డాను. ఇంతలో నా కూతురు నా చెయ్యి గట్టిగా నొక్కింది, ఇంక ఎవరి గొడవా నాకు పట్టలేదు.

మనవడు కేరుమన్నాక బయటికొచ్చాను. అమ్మ కూర్చున్న చోటే, బెంచీ మీద, చెప్పులు విడిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంది అక్క. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"నన్ను రానివ్వలేదే!" అంది నా రెండు చేతులూ పట్టుకుని. "విన్నావా? నన్నే రానివ్వలేదు!"